మేళగాడి కూతురి పెండ్లి

ముందే చెప్పేస్తున్నాను, నేను పేరుమోసిన విద్వాంసురాలిని కాను. రేడియోలో ఉద్యోగం చేసినంత కాలం నేను ఎక్కువగా వాయించింది దయ్యాలకు. నాటకంలో పాడుబడ్డ బంగళా తలుపు కిర్రుమంటే వెనక నా సెల్లో. చీకట్లో ఎవరో మెట్లెక్కి వస్తుంటే నా సెల్లో. ఏడుపు ఘట్టం వస్తే వయొలిన్ ఆయన్ని పిలిచేవారు, భయం ఘట్టం వస్తే నన్ను. "మేడమ్, ఆ కింది తీగ మీద కాస్త గీకండి" అనేవాడు మా నాటకాల ప్రొడ్యూసరు. గీకాలట! గురువు చేత తిట్లూ మొట్టికాయలూ తిని నేర్చుకున్న విద్యను గీకుడంటాడా అని ఆ పెద్దమనిషితో చాలా రోజులు మాటలు మానేశాను.

సెల్లో ఎరగని పిల్లల కోసం ఒక్క మాట. అది పెద్ద పిటీలు. భుజం మీద పెట్టుకోవడానికి కుదరదు. కుర్చీలో కూర్చొని, అడుగున ఉన్న ఇనుప మొనను నేలకు ఆనించి, మోకాళ్ల మధ్య నిలబెట్టుకొని విల్లుతో వాయించాలి. గొంతు బొంగురు. ఆర్కెస్ట్రాలో వెనక వరసలో ఉంటుంది. ఉన్నప్పుడు ఎవరూ గమనించరు, లేనప్పుడు ఏదో తగ్గిందే అంటారు. ఇంట్లో పెద్దకోడలి లాంటిది.

ఇప్పుడు హిందూపురంలో మా ఇంటికి పాఠానికి వచ్చే పిల్లలు, "మీరు వాయించిన వాటిల్లో గొప్ప కచేరీ ఏది మేడమ్?" అని అడుగుతుంటారు. ఢిల్లీ పేరో మద్రాసు పేరో చెప్తానని ఎదురు చూస్తారు. పెనుకొండ కల్యాణ మండపం అంటాను. ముఖాలు చిన్నబుచ్చుకుంటారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక జరిగినదాన్ని ఉద్యోగ జ్ఞాపకాల్లో ఎందుకు రాస్తున్నావని మీరూ అడగవచ్చు. అన్నేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ ఒక్క పూటకే నేర్చుకున్నానేమో అని నాకు అనిపిస్తుంది కాబట్టి రాస్తున్నాను. వినే ఓపిక ఉంటే కూర్చోండి.

మాది ధర్మవరంలో మేళగాళ్ల ఇల్లు. అటు పక్కింట్లో మగ్గం, ఇటు పక్కింట్లో మగ్గం, మధ్యలో మా నాయన నాదస్వరం. పొద్దున్నే మగ్గాల టకటకలు మొదలైతే వాటినే తాళంగా పెట్టుకొని సాధన చేసేవాడు. గుడిలో సేవకు ఆయన మేళమే, చుట్టుపక్కల పెండ్లిళ్లకూ ఆయన మేళమే. నాదస్వరం మా అన్నకు వచ్చింది. ఆడపిల్లకు ఊపిరి చాలదని నాకు వయొలిన్ ఇచ్చారు. సంగీత కళాశాలలో చేరితే అక్కడొక మూలన ఎవరూ ముట్టని సెల్లో పడి ఉండేది. నీ చేతులు పొడుగు, నువ్వు దీనికే పనికొస్తావని మా గురువు నన్ను దానికి అప్పగించాడు.

మొదటిసారి దాన్ని ఇంటికి తెచ్చి వాయించినప్పుడు మా నాయన కళ్లు మూసుకొని చివరిదాకా విన్నాడు. "బాగుండాది పాపా. ఎనుము ఈనేటప్పుడు ఇట్లనే మూలుగుతాది" అన్నాడు. నవ్వకండి, ఆయన మెచ్చుకోవడం అంతే. పక్క ఊరి విద్వాంసుణ్ని ఆ పాటి కూడా మెచ్చుకునేవాడు కాదు.

మా అన్న అది కూడా చేయలేదు. వాడి నోట నా సెల్లో పేరు గోనెసంచి పిటీలు. "రెండు వీధుల అవతలికి వినపడనిది వాయిద్యమే కాదు మ్మే" అనేవాడు. నేను రేడియోలో చేరాక పండుగకు ఇంటికి వచ్చినప్పుడల్లా, "మొన్న నాటకం విన్నావా అన్నా?" అని అడిగేదాన్ని. "యాడ వినేది? మగ్గాల సద్దులో ఏం వినపడుతాది!" అని తప్పించుకునేవాడు. కొన్నాళ్లకు నేనే అడగడం మానేశాను. మానేశానే గానీ మనసులో గుచ్చుకుంటూనే ఉండేది. లోకమంతా విన్నా ఇంట్లోవాళ్లు వినకపోతే ఎట్లా ఉంటుందో సంగీతం ఇంట్లో పుట్టినవాళ్లకు తెలుస్తుంది.

మేళగాళ్ల బతుకులో ఒక ఆచారం ఉంది. పెండ్లిలో అందరికంటే ముందు వచ్చేది మేళం, అందరికంటే చివర తినేది మేళం. మంటపం దగ్గర పని పూర్తయ్యేదాకా లేవకూడదు కదా. మా చిన్నప్పుడు నాయన వెంట పోయేవాళ్లం. అన్న తాళాలు వేసేవాడు. మేళంలో చేరిన పిల్లలకు మొదట చేతికిచ్చేది తాళాలే. ఓళిగల, అంటే బొబ్బట్ల, వాసన ముక్కుపుటాలను అదరగొడుతుండేది. పంక్తి మీద పంక్తి లేచిపోతుండేది. మా వంతు వచ్చేసరికి ఓళిగలు ఉండేవి కావు. అన్నం, సాంబారు, మజ్జిగ. "మేళగాళ్లకు ఓళిగ చెవుల్లోనే ఉంటాదిరా, తినండి" అనేవాడు మా నాయన. ఆ మాటకు అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక నా పెండ్లి. అది రిజిస్ట్రారు ఆఫీసులో రెండు దండలతో అయిపోయింది. మా ఆయన తరఫువాళ్లకు కొంత కోపం, అదంతా మీకెందుకు. మా అన్న మటుకు చాలాకాలం నన్ను క్షమించలేదు. కులం గిలం వాడికి పట్టలేదు. "మేళగాళ్ల ఇంట్లో మేళం లేని పెండ్లి చేసుకుంటివే!" అన్నదే వాడి బాధ. తర్వాత వాడికొక కూతురు పుట్టింది. ఉయ్యాలలో వేసిన రోజే అన్నాడు, "ఈ బిడ్డ మెడలో తాళి పడేటప్పుడు గట్టిమేళం నేనే వాయిస్తా. ఇంకొకన్ని మంటపం దగ్గరికి రానీను."

గట్టిమేళం తెలుసు కదా. తాళి కట్టే క్షణంలో పురోహితుడు చెయ్యెత్తగానే మేళం ఒక్కసారిగా ఉధృతంగా వాయించాలి. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి నోటి చెడ్డమాటా వధూవరుల చెవిన పడకూడదు. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా వీల్లేదు. రేడియోలో మాకూ అలాంటి నియమమే ఉండేది. ప్రసారం నడుస్తుండగా గాలిలో నిశ్శబ్దం పోకూడదు. నటుడు కాగితం తిప్పడం మరిచిపోయినా, తర్వాతి మనిషి మైకు ముందుకు రాకపోయినా, నేను ఒక తీగ పట్టుకొని సాగదీయాలి. అద్దం అవతల ప్రొడ్యూసరు జుట్టు పీక్కుంటున్నా ఇవతల నా విల్లు ఆగకూడదు. ఎన్నోసార్లు ఆ స్టేషన్ పరువు నా కింది తీగ మీద వేలాడింది. నాకు ఎవరూ థాంక్స్ చెప్పలేదు, అది వేరే మాట.

మేనకోడలి పెండ్లి కుదిరింది. పెండ్లికొడుకుది హిందూపురం. ధర్మవరానికీ హిందూపురానికీ నడిమధ్య అని పెనుకొండలో మండపం మాట్లాడారు. మేళం సంగతి ఎత్తితే అన్న, "అది నాకు ఒదిలిపెట్టండి" అన్నాడు. వదిలిపెట్టాం. అయితే ఒక చిక్కు వచ్చింది. అన్న పక్కన జీవితమంతా డోలు వాయించిన ఆయన అంతకు ముందు ఏడాదే పోయాడు. అన్న ఇంకో డోలు వెతుక్కోలేదు. రొద్దం పక్క పల్లె నుంచి ఉరుముల ఆయన్ని ఒకణ్ని పిలిపించుకొని సాధన మొదలుపెట్టాడని వదిన ఫోన్లో చెప్పింది.

ఉరుము మా సీమలో జాతర వాయిద్యం. నడుముకు కట్టుకునే పెద్ద చర్మ వాయిద్యం. ఒక పక్క పుల్లతో కొడతారు, ఇంకో పక్క వంకర కర్రతో చర్మాన్ని రాస్తారు. రాస్తే అదొక మూలుగు మూలుగుతుంది, కడుపులో పేగులు కదులుతాయి. అమ్మవారి ముందు ఎగిరి ఎగిరి వాయిస్తుంటే చూడాలి. కానీ పెండ్లిలో, నాదస్వరం పక్కన! నాకు ఒళ్లు మండింది. వెంటనే అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, నీకేమైనా పిచ్చా? దానికి శ్రుతి నిలవదు. హిందూపురంలో డోలు వాయించేవాళ్లు ఎంతమంది లేరు!"

"ఉండారు మ్మే. శానామంది ఉండారు. నా డోలాయన లేడు."

వాడే మళ్లీ అందుకున్నాడు, "జాతరలో నేను గుడి లోపల వాయిస్తాంటి, ఆ ఉరుముల మామ గుడి బయట వాయిస్తాండె. ఇద్దరం ఆఖరి పంక్తి కోసం ఒకే గోడ నీడన కూర్చుంటాంటిమి. ఆయన పక్కనుంటే నాకు పరాయి మేళంతో వాయించినట్ల ఉండదు."

ఇంతవరకూ చెప్పింది విన్నారు కదా. ఇందులో పెద్ద పొరపాటు ఒకటి ఉంది. మీకు కనిపించిందా? మాకు కనిపించలేదు. నెలల తరబడి సాధన జరిగింది, శుభలేఖలు పంచారు, వంటవాళ్లను మాట్లాడారు, ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. తెలిసేదాకా ఉండండి.

పెండ్లికి ముందురోజు సాయంత్రం రిసెప్షన్. "అత్తా, నీ సెల్లో తీసుకురా, రిసెప్షన్‌లో వాయించు" అని మేనకోడలు అడిగింది. హిందూపురంలో సెల్లోతో సహా బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక నిలబడటానికి కూడా చోటుండదు, నేనేమో మనిషంత పెట్టెతో ఎక్కాను. కండక్టరు పెట్టెను పైనుంచి కిందికి చూశాడు.

"నీకు ఫ్రీ అమ్మా. దీనికేం కొట్టల్ల?"

"ఇది కూడా ఆడదే నాయనా" అన్నాను.

"అయితే ఆధార్ కార్డు చూపిచ్చమను" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఒకావిడ జరిగి కిటికీ పక్క చోటు నాకు కాదు, సెల్లోకు ఇచ్చింది. పెనుకొండ దాకా నేను నిలబడ్డాను, అది కూర్చుంది.

రిసెప్షన్‌లో వాయించాను. ఫొటోలు తీసుకునేవాళ్లు తీసుకుంటున్నారు, తినేవాళ్లు తింటున్నారు. ఒకావిడ వచ్చి సెల్లో వెనక వైపు వంగి చూసి, "దీని వైరు యాడుండాది?" అని అడిగింది. అన్న ఒకసారి అటుగా వచ్చి, "మ్మే, బాగానే ఉండాది గానీ, కడుపు నిండినోళ్లకు నిద్రొస్తాది" అని పోయాడు. పెండ్లి ఇంట్లో కోపం తెచ్చుకోకూడదని పండ్లు బిగబట్టుకున్నాను.

తెల్లవారింది. మంటపం పక్కన చాప మీద మా అన్న పట్టుపంచె కట్టి, విభూది పెట్టి, పెండ్లికొడుకు కంటే ఎక్కువ వెలిగిపోతూ కూర్చున్నాడు. పక్కన ఉరుముల పెద్దాయన, తలకు ఎర్ర తుండు. వంటశాల వెనక ఎండలో ఆరబెట్టిన ఉరుము అప్పుడే తెచ్చుకున్నాడు. అన్న నాదస్వరం ఎత్తాడు. నాట రాగం. దాని కిందినుంచి ఉరుము మూలుగుతూ లేచింది. నేను తప్పులు వెతుకుదామనే చెవి పెట్టాను. వెతకలేకపోయాను. నాదస్వరం ఆకాశంలో పోతుంటే ఉరుము నేలను పట్టుకొని నడుస్తున్నట్టు ఉంది. మా నాయన ఉంటే కళ్లు మూసుకొని ఏ జంతువు పేరు చెప్పేవాడో అనుకున్నాను.

పెండ్లికొడుకు పెదనాయన మటుకు మండిపడ్డాడు. హిందూపురంలో పెద్ద అంగడి ఆయనది. నేరుగా చాప దగ్గరికే వచ్చాడు. "ఏమప్పా, ఇది పెండ్లా జాతరా? డోలు పెట్టేదానికి దుడ్లకు కరువొచ్చిందా?"

అన్న నాదస్వరం దించి చేతులు జోడించాడు. "నా బిడ్డ పెండ్లి నాకు జాతరే అన్నా. మీరు టిఫిను చేసినారా?" అన్నాడు. ఆయన గొణుక్కుంటూ పోయి ముందు వరసలో కూర్చున్నాడు.

అప్పుడు పురోహితుడు పిలిచాడు. "కన్యాదానం చేసేవాళ్లు రావల్ల. పీటల మీద కూర్చోండి."

వదిన వచ్చి ఒక పీట మీద కూర్చుంది. రెండో పీట ఖాళీ. పురోహితుడు మళ్లీ పిలిచాడు. మా అన్న కళ్లు మూసుకొని కళ్యాణి వాయిస్తున్నాడు.

"పెండ్లికూతురి నాయన యాడమ్మా?" అన్నాడు పురోహితుడు.

వదిన ముఖం చూడాలి. ఆమె చెయ్యి మెల్లగా చాప వైపు లేచింది. "ఆడ..."

"మేళాన్ని కాదమ్మా, నీ మొగుణ్ని పిలువు."

"మేళమే నా మొగుడు సామీ" అంది వదిన.

మండపమంతా గొల్లున నవ్వింది. అన్న కళ్లు తెరిచాడు. ఎందుకు నవ్వుతున్నారో వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నాదస్వరం ఒళ్లోకి జారిపోయింది. చూడండి పిల్లలూ, ఎన్ని వందల పెండ్లిళ్లలో "పీటల మీదికి పో అన్నా, సామి పిలుస్తాండాడు" అని పెండ్లికూతురి తండ్రుల్ని తరిమింటాడో మా అన్న. కాళ్లు కడిగేటప్పుడు ఏ రాగం, ధార పోసేటప్పుడు ఏ రాగం, అన్నీ వాడికి కంఠస్థం. కానీ పెండ్లిని వాడు పుట్టినప్పటినుంచి చాప మీదనుంచే చూశాడు. తండ్రి కూర్చునే చోటు పీట అని వాడి బుద్ధికి తట్టలేదు. వాడికే కాదు, మాకెవరికీ తట్టలేదు. మా ఇంట్లో మగవాళ్ల చోటు ఎప్పుడూ చాపే.

"నేనెట్ల వస్తా సామీ? వాయిస్తాండా కదా" అన్నాడు అన్న, పసిపిల్లవాడిలాగా.

"మరి కన్యాదానం ఎవరు చేస్తారప్పా, నాదస్వరమా? ముహూర్తం దాటిపోతాంది, రా."

పెండ్లికొడుకు పెదనాయన లేచాడు. "దానికేముంది, ఫోన్లో మేళం పెడదాం. ఈడ స్పీకర్లు ఉండాయి కదా."

మా అన్న ముఖం నల్లబడింది. "డబ్బా మేళమా? నా ఇంటి పెండ్లిలో?" అన్నాడు. ఉయ్యాలలో బిడ్డను చూసి అన్న మాట, ఇన్నేళ్ల ఎదురుచూపు, అన్నీ ఆ చాప మీద కుప్పకూలినట్టు కూర్చున్నాడు. చుట్టూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం నవ్వు ఆగిపోయింది. మా అన్నను అట్లా నేనెప్పుడూ చూడలేదు.

తెర వెనకనుంచి మేనకోడలి గొంతు వినిపించింది. "అత్త ఉండాది కదా నాయనా."

అన్న నా వైపు చూశాడు. గోడకు ఆనించిన సెల్లో పెట్టె వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. "మ్మే, గట్టిగా వాయించల్ల. నీళ్లు నమిలినట్ల కాదు" అని లేచి, పంచె సర్దుకొని, పీటల వైపు నడిచాడు.

తొందరలో అన్నీ అడ్డమే. నేను చాప మీద కూర్చొని వాయించలేను, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో విల్లు ఆడదు. వంటశాలనుంచి ఎవరో స్టూలు తెచ్చారు. కూర్చుంటే నున్నటి బండల మీద సెల్లో మొన సర్రున జారిపోతోంది. ఉరుముల పెద్దాయన తల తుండు విప్పి, మడిచి, మొన కింద పెట్టాడు. అది నిలబడింది.

"మామా, నీ ఉరుము శ్రుతి ఎంత?" అని అడిగాను.

"శ్రుతా? ఎండెంతుంటే అంత తల్లీ!"

ఇంకో రోజైతే దీనిమీద అరగంట ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఆ రోజు నోరు మూసుకొని, ఉరుము మూలుగును చెవిలో పెట్టుకొని, నా తీగలను దాని దగ్గరికి దించుకున్నాను. ఆనందభైరవి అందుకున్నాను. మా అవ్వలు రోకళ్ల దగ్గర, పెండ్లిపందిళ్లలో పాడుకున్న పాటల్లో ఉన్నదే ఆ రాగం. కచేరీల్లో దానికి ఎన్ని నగలు పెట్టినా ముఖం మాత్రం పల్లెటూరిదే. మొదట మెత్తగా మొదలుపెట్టాను, రేడియో అలవాటు. పెద్దాయన నా వైపు వంగాడు.

"గీకు తల్లీ, గీకు! మనిద్దరిదీ గీకుడు పనే. మొహమాటమెందుకు?"

ఆ మాటకు ఒకప్పుడు ఒక మనిషితో మాటలు మానేసినదాన్ని నేను. ఇప్పుడు ఫక్కున నవ్వొచ్చింది. నిజమే కదా! ఆయన కర్రతో చర్మం రాస్తాడు, నేను విల్లుతో తీగ రాస్తాను. భుజంనుంచి బలం తీసి గీకాను. ఉరుమూ సెల్లో ఒకదాని గొంతులోంచి ఒకటి పలికాయి. ఏది ఎవరిదో నాకే తెలియకుండా పోయింది. అటు పీటల మీద మా అన్న అల్లుడి కాళ్లు కడుగుతున్నాడు. చెవి మాత్రం మా దగ్గరే ఉంది. ఒకచోట నేను రాగంలో ఒక వరసను తొందరగా వదిలేస్తే అక్కడినుంచే కనుబొమ్మ ఎగరేశాడు. కన్యాదానం చేస్తూ కూడా వాడికి ఆ బుద్ధి పోలేదు.

ధార పోయడం అయింది. అన్న ఒక్క ఉదుటున లేచి, తడి చేతులతో చాప దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడు జరుగు. గట్టిమేళం నాది" అన్నాడు. పురోహితుడు నవ్వి ఊరుకున్నాడు. అన్న నాదస్వరం పీక పెదవుల మధ్య పెట్టుకున్నాడు. నేను విల్లు దించాను. ఈ ఒక్క క్షణం కోసమే కదా వాడు ఇన్నేళ్లు బతికింది.

పెండ్లికొడుకు తాళి పట్టుకొని లేచాడు. పురోహితుడు చెయ్యెత్తాడు. "గట్టిమేళం! గట్టిమేళం!"

నాదస్వరంలోంచి గాలి వచ్చింది. వట్టి గాలి. ఇంకోసారి ఊదాడు, మళ్లీ గాలే. వాడి పెదవులు అదురుతున్నాయి. బుగ్గల మీదుగా నీళ్లు కారిపోతున్నాయి. ఏడ్చే తండ్రుల్ని చూసి, "బిడ్డను అడవికేం పంపలేదు కదబ్బా" అని ఎగతాళి చేసిన మనిషి, ఎవరు ఏడ్చినా ఊపిరి చెదరకుండా వాయించిన మనిషి, తన బిడ్డ మెడ వంచగానే ఊపిరి పట్టలేకపోయాడు.

నేనేమీ ఆలోచించలేదు. గాలిలో నిశ్శబ్దం పోకూడదని ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, దానంతట అదే కింది తీగ మీదికి పోయింది. ఆ మొదటి దెబ్బకు చాప ముందు మేళానికని పెట్టిన మైకు కుయ్యోమంది. పెద్దాయన లేచి నిలబడి జాతరలో వాయించినట్టు ఎగిరి వాయించాడు. దయ్యాలకు వాయించిన బలమంతా, తలుపులకూ మెట్లకూ పెట్టిన బలమంతా తెచ్చి ఆ రాగంలో పోశాను. తాళి పడింది. అక్షింతలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే ముందు వరసలో పెండ్లికొడుకు పెదనాయన ముఖం వంకరపోవడం, నోరు తెరవడం, మనిషి ముందుకు తూలడం చూశాను. బ్రహ్మాండమైన తుమ్ము. తుమ్మినట్టు ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చెవికి మాత్రం చీమ తుమ్మినట్టు కూడా వినపడలేదు. ఆయన చుట్టూ చూసి, ఎవరూ వినలేదని గుండె మీద చెయ్యి వేసుకొని, ఉరుము వైపు తిరిగి చిన్నగా తల ఊపాడు.

ఆపకుండా వాయిస్తుంటే పక్కన ఇంకో సద్దు కలిసింది. ఖణ్ ఖణ్ మని ఇత్తడి. తిరిగి చూశాను. అన్న నాదస్వరం పక్కన పడుకోబెట్టి, చాప మూలన ఉన్న తాళాలు తీసుకున్నాడు. చిన్నప్పుడు నాయన వెంట వేసిన తాళాలు. కన్నీళ్లు తుడుచుకోకుండా, కూతుర్ని చూస్తూ, మాకు తాళం వేస్తున్నాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. నాకు ఆ క్షణంలో మా అన్న మీద వచ్చినంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

భోజనాలకు పంక్తులు మొదలయ్యాయి. వదిన వచ్చి, "ఆడబిడ్డవు, రా, మొదటి పంక్తిలో కూర్చో" అని చెయ్యి పట్టుకుంది. "మేళం ఆఖర్న కదా వదినా" అని నవ్వి, పెద్దాయన పక్కనే గోడకు ఆనుకొని కూర్చున్నాను. కాళ్లు పీకుతున్నాయి, భుజం లాగేస్తోంది, కడుపులో ఎలుకలు. అయినా లేవబుద్ధి కాలేదు. పంక్తి మీద పంక్తి లేచిపోయింది.

అందరూ తిన్నాక అన్న పళ్లెంలో తాంబూలాలు పెట్టుకొని వచ్చాడు. పెద్దాయనకు పంచె, కండువా ఇచ్చి కాళ్లకు మొక్కబోతే ఆయన పట్టుకొని లేపాడు. తర్వాత నా భుజం మీద ఇంకో కండువా వేశాడు.

"ఇదేంది అన్నా? నాకు నిన్ననే చీర పెట్టినావు కదా."

"అది ఆడబిడ్డకు. ఇది మేళానికి" అన్నాడు, ఎటో చూస్తూ. తర్వాత మాతోనే వచ్చి ఆఖరి పంక్తిలో కూర్చున్నాడు. పెండ్లికూతురి తండ్రి ఇక్కడ కూర్చోవడమేమిటని వంటాయన కంగారు పడితే, "గమ్మున వడ్డించప్పా, నేను మేళగాణ్ని" అన్నాడు. ఓళిగలు అయిపోయాయని చెప్పాడు వంటాయన, తల గోక్కుంటూ. మేం ముగ్గురం నవ్విన నవ్వుకు ఆయన భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

అన్నం కలుపుకుంటూ అన్న అన్నాడు, "మ్మే, రోడ్డు మీద టీ అంగడాయన చెప్పినాడు. ఆడిదాకా వినపడినాదంట."

రెండు వీధుల అవతల ఉంటుంది ఆ టీ అంగడి. చేతిలో ముద్దను మళ్లీ విస్తట్లో పెట్టేశాను.

"తిను తిను. మళ్లా అప్పగింతలకు వాయించల్ల" అని, గొంతు తగ్గించి అన్నాడు. "ఏడుపుది మాత్రం వద్దు మ్మే, నేను తట్టుకోలేను. నువ్వు రేడియోలో వాయిస్తాంటివి సూడు, పాడుబడిన బంగళాలో తలుపు తెరుచుకునేటప్పుడు, ఆ దయ్యాలది... అది వాయించు."

నేను వాడి ముఖంలోకి చూశాను. "అన్నా! అవి నువ్వు విన్నావా?"

"వినకుండా యాడికి పోతా?" అన్నాడు మా అన్న, సాంబారు పోయించుకుంటూ. "మగ్గాల సద్దులో సరిగ్గా వినపడదని రేడియో చెవికి ఆనించుకొని కూర్చుంటాంటి."